సంతకం ఒకరిది, జెండా మోసేది అందరూ

ఫిరాయింపుల మీద చర్చ మళ్లీ పాత గాడిలోనే నడుస్తోంది. బీఆర్‌ఎస్ గుర్తుపై గెలిచి కాంగ్రెస్‌లోకి వెళ్లారన్న పదిమంది తెలంగాణ ఎమ్మెల్యేల వ్యవహారాన్ని మూడు నెలల్లో తేల్చాలని 2025 జూలైలో సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పింది. అప్పటి నుంచి ఒకటే వాదన: స్పీకర్లు నానుస్తున్నారు, చట్టానికి పదును పెట్టాలి. ఎమ్మెల్యే పార్టీకి ద్రోహం చేశాడా అని అందరూ అడుగుతారు. పార్టీ తన సభ్యులకు ఏం మిగిల్చిందని అడిగేవాళ్లే లేరు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

2002 నాటి తీర్పు ఒకటుంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 29-ఎ సెక్షన్ కింద నమోదు కావాలంటే ప్రజాస్వామ్యానికి కట్టుబడి ఉంటామని ప్రతి పార్టీ తన నియమావళిలో రాసుకోవాలి. రాసిన మాట తప్పితే? తప్పారన్న కారణంతో నమోదు రద్దు చేసే అధికారం ఎన్నికల సంఘానికి లేదని సుప్రీంకోర్టు ఆ ఏడాది తేల్చేసింది. మోసం చేసి నమోదు పొందడం వంటి మినహాయింపులు కొన్నే. ఆ అధికారం ఇవ్వాల్సిన పార్లమెంటు ఇప్పటిదాకా ఇవ్వలేదు. ఇవ్వాల్సింది ఆ పార్టీలే కదా.

ఫలితం మన కళ్లముందే ఉంది. 2022లో వైఎస్సార్ కాంగ్రెస్ ప్లీనరీ జగన్‌మోహన్‌రెడ్డిని జీవితకాల అధ్యక్షుడిగా ఎన్నుకుంది. శాశ్వత పదవి ప్రజాస్వామ్య విరుద్ధమని ఎన్నికల సంఘం అభ్యంతరం చెప్పింది. ఆ ఒక్క పార్టీనే అని ఏం లాభం? తెలుగుదేశానికి 1995 నుంచి చంద్రబాబే అధ్యక్షుడు, బీఆర్‌ఎస్‌కు 2001లో పుట్టినప్పటి నుంచి కేసీఆరే. మహానాడులోనైనా ప్లీనరీలోనైనా వినపడేది ‘ఏకగ్రీవం’. కాంగ్రెస్ 2022లో జాతీయ అధ్యక్ష పదవికి పోటీ పెట్టింది, ఓట్లు లెక్కించింది. మంచిదే. మరి పీసీసీ అధ్యక్షులు? ఢిల్లీ నుంచే దిగుతారు.

నామినేషన్ల చివరి రోజు రిటర్నింగ్ అధికారి ఆఫీసు దగ్గర నిలబడి చూడండి. మధ్యాహ్నం మూడింటిలోపు బీ-ఫారం అందాలి. దానిమీద సిరా సంతకం ఉండాలి, జిరాక్సు చెల్లదు. ఆ సంతకం పెట్టే అధికారం ఎవరిదో ఏ-ఫారం చెబుతుంది. పార్టీ మొత్తం ఆ రెండు కాగితాల్లో ఉంది. ఇరవై ఏళ్లు జెండా మోసినవాడు గేటు బయట ఫోన్ చెవిన పెట్టుకుని నిలబడతాడు. నిన్న కండువా కప్పుకున్నవాడు కారు దిగి లోపలికి వెళతాడు. నియోజకవర్గంలోని సభ్యులను ఎవరూ ఒక్క మాట అడగరు. అలా టికెట్ తెచ్చుకున్నవాడికి కార్యకర్తతో బాకీ ఏముంటుంది? రేపు ఇంకో చేయి పిలిస్తే అటు వెళతాడు. ఫిరాయింపు మొదలయ్యేది స్పీకర్ కార్యాలయంలో కాదు, ఆ గేటు దగ్గర.

పార్టీలను మూసేసే అధికారం ఎన్నికల సంఘం చేతికిస్తే అధికారంలో ఉన్నవాళ్లు దాన్ని ప్రతిపక్షం మీద వాడొచ్చన్న భయం నిజమే. కానీ ఆరేళ్లుగా ఎన్నికల్లో పోటీ చేయలేదని 2025 ఆగస్టులో 334 పార్టీలను అదే సంఘం జాబితా నుంచి తీసేసింది. పోటీ చేయని చిన్న పార్టీ మీద కొరడా పడింది. సభ్యులను ఓటే అడగని పెద్ద పార్టీకి 2002 తీర్పు గొడుగు పట్టింది. హిట్లర్ పార్టీ చేతిలో కాలిపోయిన జర్మనీ, పార్టీల అంతర్గత నిర్మాణం ప్రజాస్వామ్యబద్ధంగా ఉండాలని 1949లో రాజ్యాంగంలోనే రాసుకుంది. అక్కడ అభ్యర్థిని స్థానిక సభ్యులో వారి ప్రతినిధులో రహస్య ఓటుతో ఎంచుకోవాలి. మన రాజ్యాంగంలోకి 1985లో పార్టీలు వచ్చింది ఎమ్మెల్యేను శిక్షించడానికి. పార్టీ లోపల ఎలా నడవాలో అందులో ఒక్క ముక్క లేదు.

చేతులు కట్టేశారని ఎన్నికల సంఘం ఇక సాకు చెప్పకూడదు. 2002 తీర్పు నమోదు గురించి, గుర్తు గురించి కాదు. తన ఆదేశాలు పాటించని పార్టీ గుర్తింపును నిలిపేసే అధికారం 1968 నాటి గుర్తుల ఉత్తర్వు 16-ఎ పేరాలో ఇప్పటికే ఉంది. సైకిలైనా ఫ్యానైనా కారైనా హస్తమైనా కమలమైనా, అది గుర్తింపుతో వచ్చిందే. బీ-ఫారంతోపాటు ఆ నియోజకవర్గ సభ్యుల రహస్య ఓటు లెక్క కూడా మూడింటిలోపు టేబుల్ మీద పెట్టాలని వచ్చే ఎన్నికల లోపే ఆదేశించండి. కోర్టుకు వెళ్లే పార్టీలు వెళ్లనీయండి. మా సభ్యులకు ఓటు వద్దని ఏ పార్టీ వాదిస్తుందో జనం చూడాలి.