గిల్మర్ గడ్డం మీది గాటు

టొరంటోలో స్థిరపడిన ప్రతి పరదేశికీ ఏదో ఒకనాడు ఒక కథ వినే యోగం పడుతుంది. నాకది 2001 చలికాలంలో పట్టింది. ఇంటి ముందు పేరుకున్న మంచు ఎత్తిపోయడం చేతకాక అవస్థపడుతున్న నన్ను చూసి జాలిపడి, పక్కింటి పెద్దాయన తన పార పట్టుకొని వచ్చారు. దారి సగం శుభ్రమయ్యేసరికి నా ఊరూ పేరూ అడిగారు. తక్కిన సగం పూర్తయ్యేలోగా కెరీ ఫ్రేజర్ అనే మనిషి తమకు చేసిన ద్రోహాన్ని ఆమూలాగ్రం వివరించారు. ఆ ఫ్రేజర్ ఈయన పొలం కలుపుకున్న దాయాది కాబోలనుకున్నాను. మంచుహాకీ రెఫరీ అని బోధపడడానికి మరో పది నిమిషాలు పట్టింది.

హాకీ అంటే ధ్యాన్‌చంద్ ఆడిన పచ్చికబయలు ఆటే తెలిసిన మిత్రుల కోసం ఆ కథ కొంత చెప్పాలి. 1993 మే 27. స్టాన్లీ కప్ తుదిపోరుకు ముందరి అంచె. లాస్ ఏంజెలెస్ కింగ్స్ మీద ఏడు ఆటల వరుసలో టొరంటో మేపుల్ లీఫ్స్ మూడు గెలిచి, రెండు ఓడి, ఆరో ఆటకు లాస్ ఏంజెలెస్ వెళ్ళింది. ఆ ఒక్కటీ గెలిస్తే తుదిపోరు. అక్కడ కాచుకొని ఉన్నది మాంట్రియల్. టొరంటోకు, మాంట్రియల్‌కు మధ్య కప్పు కోసం పోరు అంటే ఇక్కడివారికి ఏమిటో చెప్పడానికి నాకు సరైన పోలిక దొరకదు. 1967లో గెలిచిన కప్పు కోసం టొరంటో అప్పటికి ఇరవై ఆరేళ్ళుగా ఎదురుచూస్తున్నది. 

వెండెల్ క్లార్క్ ఆఖరి నిమిషాల్లో తన మూడో గోలు కొట్టి లెక్క సమం చేశాడు. నాలుగు, నాలుగు. ఆట ఓవర్‌టైమ్‌కు వెళ్ళింది. అందులో ఎవరు ముందు గోలు కొడితే వారిదే గెలుపు. ఆ ఓవర్‌టైమ్ తొలి ఘడియల్లోనే వేన్ గ్రెట్స్కీ కర్ర పైకి లేచి టొరంటో ఆటగాడు డగ్ గిల్మర్ గడ్డానికి తగిలింది. రక్తం వచ్చింది. అప్పటి నియమం ప్రకారం ఎత్తిన కర్ర తగిలి రక్తం వస్తే ఆ కర్ర పట్టినవాడికి అయిదు నిమిషాల శిక్ష, పైగా ఆ ఆట నుంచి బహిష్కరణ. ఫ్రేజర్ ఆట ఆపి, తన ఇద్దరు లైన్స్‌మెన్లను అడిగారు. వారూ చూశామని చెప్పలేకపోయారు. శిక్ష లేదు. కొద్దిసేపటికే, మంచు మీద ఉండకూడని ఆ గ్రెట్స్కీయే గోలు కొట్టాడు.

కథ ఇంతే. ఇన్నేళ్ళుగా పెళ్ళిళ్ళలో, మంగలి దుకాణాల్లో, కాఫీ వరుసల్లో చెప్పుకుంటున్నది ఇంతవరకే. నా పేచీ కూడా ఇక్కడే మొదలవుతుంది.

గ్రెట్స్కీ ఆ గోలు కొట్టిన సమయంలో లాస్ ఏంజెలెస్‌కు పవర్ ప్లే నడుస్తున్నది, అంటే టొరంటో ఒక మనిషి తక్కువతో ఆడుతున్నది. ఎందుకు తక్కువ? అసలు ఆట ముగియడానికి పట్టుమని పదిహేను క్షణాలు కూడా లేనప్పుడు గ్లెన్ ఆండర్సన్ ప్రత్యర్థిని అంచుచెక్కల మీదికి నెట్టి శిక్ష తెచ్చుకున్నాడు. ఆ ఈల ఊదినదీ ఫ్రేజరే. ఆ ఈల న్యాయమైనదా కాదా అని మా పెద్దాయన నోట పదహారేళ్ళలో ఒక్కసారైనా వినలేదు. పోనీ, అక్కడితో అంతా అయిపోయిందా అంటే అదీ లేదు. రెండు రోజుల తర్వాత ఏడో ఆట టొరంటోలోనే, సొంత జనం నడుమ జరిగింది. గ్రెట్స్కీ మూడు గోల్స్ కొట్టాడు. మళ్ళీ అయిదు, నాలుగు. తన జీవితంలో ఆడిన ఆటలన్నిటిలో అదే గొప్పదని అతను తర్వాత చెప్పుకున్నాడు. ఓడినవారి వైపు నుంచి చూస్తే, ఒక మహా ఆటగాడు తన అత్యుత్తమమైన ఆట మన ముంగిట ఆడి మనల్ని ఓడించాడు అనడానికన్నా, ఒక గుడ్డి రెఫరీ మనల్ని ముంచాడు అనడం సుఖం. అదేమీ తప్పని నేను అనను. నలభై రెండు రాత్రుల్లో ఇరవై ఒక్క ఆటలు ఆడి, ఎముకలు తేలిన ఆ గిల్మర్ ముఖం చూసినవారికి కడుపు మండడం సహజం.

నా అభ్యంతరం 'చూడలేదు' అనే మాట 'చూడదలచుకోలేదు'గా మారడంలో ఉంది. ఫ్రేజర్ ఆ దెబ్బ తన కంట పడలేదని తరువాతి కాలంలో బహిరంగంగానే ఒప్పుకున్నారు. ఆనాడు మంచు మీద ఒక్కరే రెఫరీ. పదిమంది ఆటగాళ్ళు, ఇద్దరు గోల్‌కీపర్లు తిరిగే చోట ఒక మనిషి వెన్ను ఎప్పుడూ ఎటో ఒకవైపు ఉండక తప్పదు. లీగు 1998లో కొన్ని ఆటలకు, 2000 నుంచి అన్ని ఆటలకూ ఇద్దరు రెఫరీలను పెట్టింది. అంటే లోపం మనిషిలో కన్నా ఏర్పాటులో ఎక్కువ ఉన్నదని లీగే తలవంచి చెప్పినట్టు. అయినా మా పెద్దాయన లెక్కలో ఫ్రేజర్ అమ్ముడుపోయినవాడే. హాలీవుడ్ ఊరికి తుదిపోరు కావలసి వచ్చిందట, అందుకని పైనుంచి కబురు వచ్చిందట!

ఇలా రాస్తున్న నేను పెద్ద స్థితప్రజ్ఞుణ్ణేమీ కాను. 2008 జనవరిలో సిడ్నీ టెస్టు జరుగుతున్నప్పుడు ఇక్కడ రాత్రి. మా అయిదేళ్ళ పిల్లవాడు నిద్రరాక నా ఒళ్ళో కూర్చున్నాడు. ముప్ఫై పరుగుల దగ్గర సైమండ్స్ బ్యాటుకు తగిలి కీపరు చేతుల్లో పడిన బంతిని స్టీవ్ బక్నర్ ఔటివ్వలేదు. సైమండ్స్ 162 చేసి నాటౌట్‌గా నిలిచాడు, ఔటయ్యాననీ తానే చెప్పాడు. మన లక్ష్మణ్ చేసిన 109, టెండూల్కర్ చేసిన 154 వృథా అయ్యాయి. ఆ రాత్రి బక్నర్ గురించి నేను వాడిన మాటలు ఇక్కడ రాయదగినవి కావు. పెర్త్ టెస్టుకు ఆయన్ను తప్పించినప్పుడు పండుగ చేసుకున్నాను. ఆ ఏడాదే సైమండ్స్‌ను డెక్కన్ చార్జర్స్ కొనుక్కుంది. హైదరాబాదులో అతను సిక్సరు కొడితే ఈలలు వేసినవారిలో మా తమ్ముడూ ఉన్నాడు. బక్నర్‌కు మాత్రం ఏ ఊళ్ళోనూ ఆ భాగ్యం దక్కలేదు. రెఫరీకి, అంపైరుకు సొంత జట్టంటూ ఉండదు కదా, ఎవరు క్షమిస్తారు?

రీప్లే వచ్చాక ఈ బాధ తీరుతుందనుకున్నాం. తీరలేదు. 1999 జూన్‌లో బఫలో మీద డల్లాస్ ఆటగాడు బ్రెట్ హల్ మూడో ఓవర్‌టైమ్‌లో కొట్టిన గోలుతో కప్పే తేలిపోయింది. అతని కాలు గోలు ముందరి నీలిగీతలో ఉండగా ఆ గోలు ఎలా చెల్లుతుందని బఫలో జనం ఈనాటికీ అడుగుతూనే ఉన్నారు. పక్ అతని అదుపులోనే ఉన్నది కనుక చెల్లుతుందని లీగు చెప్పింది. కాని ఆ మినహాయింపు అప్పటిదాకా సామాన్య ప్రేక్షకుడికి ఎవరు వివరించారు? ఆ వేసవిలోనే ఆ నిబంధనను చాప చుట్టినట్టు చుట్టి పక్కన పెట్టారు. ఇటువంటి చోట నేను నిస్సంకోచంగా అభిమానుల పక్షమే. 2019 ఏప్రిల్‌లో మరీ విచిత్రం: వేగస్ మీద శాన్ హోసే మూడు గోల్స్ వెనుకబడి ఉండగా, ఒక ఆటగాడు పడి రక్తం కారడం చూసి రెఫరీలు వేగస్‌కు అయిదు నిమిషాల శిక్ష వేశారు. ఆ అయిదు నిమిషాల్లో నాలుగు గోల్స్! వేగస్ ఓవర్‌టైమ్‌లో ఓడింది. లీగు వేగస్‌కు క్షమాపణ చెప్పి, ఆ మరుసటి సీజను నుంచి అటువంటి పెద్ద శిక్షలను రెఫరీలు వీడియోలో సరిచూసుకోవాలని నియమం పెట్టింది. బాగుంది. కాని ఆ నియమం వేసిన శిక్షకే వర్తిస్తుంది, వేయని శిక్షకు కాదు. గిల్మర్ గడ్డం ఆ నియమం కింద తెగినా మా పెద్దాయనకు న్యాయం జరగదు.

ఇక ఈ టపా రాయడానికి అసలు కారణం. మా పిల్లవాడు పద్నాలుగో ఏట, 2017లో, చిన్నపిల్లల హాకీ ఆటలకు రెఫరీగా చేరాడు. చారల చొక్కా తొడుక్కొని అద్దం ముందు చేతి సైగలు సాధన చేశాడు. మూడో ఆటలో అనుకుంటాను, తొమ్మిదేళ్ళ పిల్లల మధ్య జరిగిన ఏదో తోపులాటకు వీడు ఈల వేయలేదు. గ్యాలరీలోంచి ఒక తండ్రి లేచి, నీకెంత ముట్టిందిరా అని అరిచాడు. పద్నాలుగేళ్ళ కుర్రవాణ్ణి పట్టుకొని! పక్కన కూర్చున్న నాకు కాళ్ళు ఆడలేదు. అది నేను సిడ్నీ రాత్రి బక్నర్‌ను అడిగిన ప్రశ్నే. వాడు నా ఒళ్ళో కూర్చొని విన్నాడు కూడా.

నాకన్నా ముందు లేచినది మా పెద్దాయన. వస్తానంటే ఆనాడు వెంట తీసుకువెళ్ళాను. దాదాపు ఎనభై ఏళ్ళ మనిషి, ఊతకర్ర పట్టుకొని రెండు మెట్లు దిగి, ఆ తండ్రి ఎదుట నిలబడి, "ఆ కుర్రాడు నిలబడిన చోటు నుంచి అది కనిపించదు, కూర్చో" అన్నారు. అతను కూర్చున్నాడు. ఆట సాగింది.

తిరుగు ప్రయాణంలో కారు వెనుక సీటులో పిల్లవాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఫ్రేజర్‌కు కూడా నిలబడిన చోటు నుంచి కనిపించలేదేమో" అన్నాడు. పెద్దాయన కిటికీలోంచి మంచు చూస్తూ కాసేపు ఊరుకున్నారు. ఆ తర్వాత ఇటు తిరిగి, లైన్స్‌మెన్లు ఇద్దరున్నారు కదా, వాళ్ళేం చేస్తున్నారని మొదలుపెట్టారు. ఇల్లు చేరేదాకా ఆపలేదు.