చేప దొరకని బండలు

సింహాద్రిపురం, పులివెందుల వైపు ఎవరింటికెళ్లినా కాళ్ల కింద తగిలేది బండపరుపే. సున్నపురాతి పలకలను పొరలుగా చీల్చేటప్పుడు ఒక్కోసారి చెట్టుకొమ్మలాంటి నల్లటి ముద్ర కనబడుతుంది. రాతిలో ఆకు దొరికిందని పిల్లలు సంబరపడతారు. అది ఆకు కాదు, పగుళ్లలోకి ఇంకిన నీరు వదిలిన మాంగనీసు మరక. పోనీ, ఓపిగ్గా వెతికితే చేప దొరుకుతుందా? ఎన్ని బండలు చీల్చినా దొరకదు.

ఎందుకంటే ఈ రాళ్లు చేపకంటే ముందు పుట్టాయి. పులివెందుల దగ్గర వీటి మధ్యకు చొచ్చుకొచ్చి గడ్డకట్టిన నల్లరాయి వయసే సుమారు 188 కోట్ల ఏళ్లు. అది చొరబడిన పొరలు ఇంకా పాతవి. జమ్మలమడుగు వైపు నాపరాయి వీటికంటే చిన్నదే గానీ, అదీ చేపకు అన్నే. తొలి చేపల జాడ కనిపించేది సుమారు 52 కోట్ల ఏళ్ల కిందట. అంతకుముందు ఇక్కడి సముద్రంలో ఉన్నవి సూక్ష్మజీవులు. అవి పొరమీద పొర కట్టిన స్ట్రోమటోలైట్లు వేంపల్లె రాళ్లలో ఉల్లిపాయను కోసినట్టు కనిపిస్తాయి.

చేప కావాలంటే గోదావరి లోయకు పోవాలి. ప్రాణహిత ఒడ్డున, సిరోంచకు దగ్గర్లో కోట అనే ఊరుంది. ఊరు మహారాష్ట్రది. దాని పేరు పెట్టుకున్న రాతిపొరలు మాత్రం నది దాటి తెలంగాణలోకీ వచ్చాయి. ఆ సున్నపురాతిలో దొరికిన చేపను 1851లో లండన్‌లో ఫిలిప్ ఎగర్టన్ వర్ణించి, ‘లెపిడోటస్ దక్కనెన్సిస్’ అని మన దక్కను పేరే పెట్టారు. తర్వాత ఎస్.ఎల్. జైన్ ఇలాంటి కోట చేపలపై ఏళ్ల తరబడి పనిచేశారు. ఆయన సంస్థ కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్. లెక్కల వాళ్లకు చేపలతో పనేమిటంటారా? దాని వ్యవస్థాపకుడు మహలనోబిస్‌కు శిలాజాలన్నా ఆసక్తే!

లెపిడోటస్ రెక్కలు మన రోహు రెక్కల్లాగే సన్నని ముళ్ల ఊచల మీద నిలిచేవి. పొలుసు మాత్రం వేరు. రోహు పొలుసు కత్తి తగిలితే లేచొస్తుంది. దీనివి పింగాణీలా మెరిసే మందపాటి పలకలు, ఒంటినిండా కవచమే. ఈ జాతిలో ఐరోపాలో దొరికిన కొన్ని పెద్ద చేపలకు గుండీల్లాంటి గుండ్రని పళ్లుండేవి. గుల్లలున్న జీవులను పట్టి, పటపటా నమిలేసే వేట వాటిది. అన్నట్టు, ఆ పళ్లు రాతిలో దొరికితే మధ్యయుగాల ఐరోపావాళ్లు కప్ప తలలో పుట్టిన మణులనుకున్నారు. విషానికి విరుగుడని ఉంగరాల్లో పొదిగించుకున్నారు. మన నాగమణి కథకు అక్కచెల్లెలన్నమాట.

కోట పొరల్లోనే యామన్‌పల్లి దగ్గర దొరికిన డైనోసార్ కోటసారస్ హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడింది. దాన్ని చూడ్డానికి జనం వెళ్తారు. చేపది ఆ వైభోగం కాదు. అది ఉన్న రాయి పైకి మామూలు సున్నపురాయే. పలక చీలిస్తే కనబడుతుంది, బట్టీలో వేస్తే రాయితోపాటు సున్నమైపోతుంది.