నిన్ఫా గారి పది టేబుళ్ళు

మా ఫ్రెండొకడు ఉద్యోగంలో దాచిన డబ్బులతో హోటల్ పెడతానంటున్నాడు. మొదటి బ్రాంచికే ఇంకా చోటు దొరకలేదు గానీ, ఐదో బ్రాంచి ఎక్కడో మాత్రం తేల్చేశాడు. వాడితో వాదన వచ్చినప్పుడల్లా నేను చెప్పేది హ్యూస్టన్‌లోని నిన్ఫాస్ కథ.

నిన్ఫా లారెంజో 1924లో టెక్సాస్‌లోని హార్లింజెన్‌లో, మెక్సికన్ అమెరికన్ కుటుంబంలో పుట్టారు. 1949లో భర్తతో కలిసి హ్యూస్టన్ నావిగేషన్ బులెవార్డ్‌లో టోర్టియాలు చేసే చిన్న ఫ్యాక్టరీ పెట్టారు. 1969లో ఆయన పోయారు. ఐదుగురు పిల్లలు, అంతంతమాత్రంగా నడుస్తున్న ఫ్యాక్టరీ. 1973లో ఆ ఫ్యాక్టరీలోనే ఒక పక్కన పది టేబుళ్ళు, నలభై కుర్చీలు వేసి హోటల్ తెరిచారు. పిల్లలు కూడా పనిలోకి దిగారు. నిప్పుల మీద కాల్చిన గొడ్డు మాంసాన్ని వేడి టోర్టియాలో చుట్టి ఇచ్చేవారు. జనం ఎగబడ్డారు. ఫహీటాలు అమెరికాలో అంత పాపులర్ అవడానికి నిన్ఫాస్ ఒక ముఖ్య కారణమంటారు. ఊరంతా ఆవిణ్ణి 'మామా నిన్ఫా' అని పిలిచింది.

సాధారణంగా విజయగాథలు ఇక్కడే ఆపేస్తారు. నాకు మాత్రం అసలు కథ ఇక్కడే మొదలవుతుందనిపిస్తుంది.

బ్రాంచీలు పెరిగాయి, వేరే ఊళ్ళకీ వెళ్ళాయి. చివరికి 1996లో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. తర్వాత నావిగేషన్‌లోని మొదటి హోటల్‌తో సహా ఆ పేరు కుటుంబం చేయి దాటిపోయింది. ఆవిడ 2001లో చనిపోయారు. అదే చోట అదే పేరుతో హోటల్ ఇప్పటికీ నడుస్తోంది, కానీ ఓనర్లు వేరు.

మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం. లోడ్ పెరిగితే ఇంకో సర్వర్ తగిలిస్తాం. రెసిపీని కూడా కోడ్ లాగే కాపీ చెయ్యొచ్చు, ఒప్పుకుంటాను. కానీ రోజూ ఉదయం వంటింట్లో నిలబడి "ఇవాళ ఉప్పు తగ్గింది" అని చెప్పే మనిషిని కాపీ చెయ్యలేం. అలాంటి మనిషి తయారవడానికి ఏళ్ళు పడుతుంది. అప్పు మాత్రం అన్నేళ్ళు ఆగదు, వాయిదా నెల తిరక్కుండా వచ్చేస్తుంది.

అందుకని అసలు ఎదగొద్దని నేననను. ఆ తర్వాత ఆవిడ కొడుకు రోలాండ్, మనవడు డొమినిక్ కలిసి హ్యూస్టన్‌లోనే ఎల్ టియెంపో పెట్టారు. దానికీ బ్రాంచీలొచ్చాయి. పేరు చేజారినా పని చేతిలో ఉంది కాబట్టే మళ్ళీ మొదలుపెట్టగలిగారని నా అభిప్రాయం.

కాబట్టి మా వాడికి నేను చెప్పేదొకటే. రెండో బ్రాంచికి చోటు వెతికే ముందు, అక్కడ నీ బదులు నిలబడే మనిషిని తయారుచెయ్యి. ఆ మనిషి దొరికేదాకా పది టేబుళ్ళు చాలు.