పరుల బిడ్డల అన్నపు డబ్బా

పూర్వము మన యూళ్లలో పరుల సంసారములను విచారించుటకు నూతిగట్టు చాలియుండెను. నేడు నూతిగట్లు పాడుపడినవి. వాని పని బడివాకిళ్లకు సంక్రమించినది. ఆ గట్టుమీద అత్త నోరును, కోడలి నగలును విచారణకు వచ్చెడివి. ఈ వాకిట పసిబిడ్డల అన్నపు డబ్బాలు విచారణకు వచ్చుచున్నవి. ముద్దాయికి ఏడెనిమిదేండ్లకు మించి యుండవు. తాను చేసిన నేరమేమో తెలియదు. తన పక్షమున మాటలాడువారు లేరు. తీర్పు మాత్రము సాయంకాలమునకు వీధివీధికిని ప్రాకుచుండును.

పొందూరులో నేను కన్నులార చూచిన సంగతి యొకటి చెప్పెదను. బడి పేరును గాని మనుష్యుల పేర్లను గాని చెప్పను. చెప్పినయెడల తప్పంతయు ఆ యొక్క బడిదే యని తక్కిన మనమందరము నిశ్చింతగా నిద్రింతుము. ఒకనాడు మా యమ్మాయి ఇంట మరచిపోయిన క్యారేజీ నిచ్చుటకై మధ్యాహ్నపు గంటవేళ బడికి బోయితిని. అరుగుపై నిద్దరు తల్లులు కూర్చుండి మాటలాడుకొనుచుండిరి. ఇద్దరును చదువుకొన్నవారే, మర్యాద గల యిండ్లవారే.

"ఆ చివర కూర్చున్న పిల్ల డబ్బాలో ఏటుందో చూసారా వదినా? చద్దన్నం, ఎండుచేప! ఆ వాసనకి మావాడు నిన్న అన్నం ముట్టకుండా తెచ్చేసాడు."

"వాళ్ళమ్మకి వండడానికి తీరికేదండీ, తెల్లారిలేస్తే రాట్నం ముందే కదా. మనవాళ్ళని వేరే బెంచీలో కూర్చోబెట్టమని టీచరుకి చెబుదాం."

ఆ పిల్ల వారికి పది యడుగుల దూరమున నున్నది. వినలేదని యనుకొనుటకు వీలులేదు. డబ్బా మూతను సగమే తీసి, ఆ మూతచాటున తల వంచుకొని, దొంగిలించిన సొత్తును దినునట్లు తన తల్లి పెట్టిన యన్నమును దినుచుండెను. ఆ వారమే అది డబ్బా తెచ్చుట మానినదని మా యమ్మాయి చెప్పెను. ఏమని యడిగిన, ఆకలి లేదనుచున్నదట! ఎదుగుచున్న బిడ్డకు పగటివేళ ఆకలి లేకుండ జేసిన మందు ఆ యరుగుమీది రెండుమాటలే. నేను వానిని విని మారుపలుకక యింటికి వచ్చితిని. కావున ఈ వ్యాసములో నిందింపబడువారిలో మొదటివాడను నేనే.

చేపను నిందించిన ఊరేదో ఒక్కసారి తలంపుడు. పొందూరనగానే లోకమునకు జ్ఞప్తికి వచ్చునది సన్నఖద్దరు. గాంధీమహాత్ముడు మెచ్చిన నూలిది. 1949లో ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘ మిచ్చట నెలకొన్నది. ఆ నూలునకు అంత సన్నదనమును, అంత తెలుపును ఎట్లు వచ్చుచున్నవి? పత్తిని వాలుగచేప దవడయెముకతో దువ్వుదురు. ఆ దవడలోని చిన్ని పండ్ల వరుసయే దువ్వెన. అది పత్తిలోని నలుసును దీసి పోగులను తిన్నన చేయును. పిమ్మట గింజలు దీసి, వింట నేకి, ఏకులు చుట్టి, ఎండిన అరటిదొప్పలో భద్రపరచి, 24 ఆకుల రాట్నముపై మన స్త్రీలు వడకుదురు. ఇట్టి పనిలో దినమంతయు వంగి కూర్చుండునట్టి తల్లి బిడ్డయే నేను చెప్పిన పిల్ల.

ఆ ఖద్దరు కట్టి మనము పూజకు గూర్చుందుము. పెండ్లిపీటల యెదుట నిలుతుము. సభలలో ఆహారశుద్ధిని గూర్చి యుపన్యసింతుము. మన పంచెలోని పోగులన్నియు చేపపండ్ల నడుమనుండి వచ్చినవే. అప్పుడు మన ముక్కునకు వాసన తగులదు. ఆ పత్తిని దువ్విన తల్లి తన బిడ్డ డబ్బాలో ఒక యెండుచేప ముక్క వేసినంతనే మన ముక్కు మేల్కొనును! చేపయెముక చేసిన పని మన దేహముపై నుండవచ్చును గాని, చేప పరుల బిడ్డ డబ్బాలో నుండరాదట. ఇది శుచి యని యే శాస్త్రము చెప్పినది? ఇది శుచి కాదు, పెద్దరికము.

పెద్దరికమే యనుటకు మరియొక నిదర్శనము చోడి. ఉత్తరాంధ్రమున తరతరములుగా కష్టజీవుల కడుపు నింపినది చోడి అంబలి. మా బాల్యమున అంబలి త్రాగి బడికి వచ్చినవాడు ఆ మాట పైకి చెప్పుటకు సిగ్గుపడెడివాడు. వరియన్నము తినువారు గొప్పవారు. అంబలి త్రాగువారు తక్కువవారు. నేడో? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికలను జూడుడు. 100 గ్రాముల చోళ్లలో సున్నపుధాతువు సుమారు 364 మిల్లీగ్రాములు. అంతే తూకము గల మరబియ్యములో ఎనిమిదికి లోపు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల వత్సరముగా ప్రకటించినది. ఆ యేటనే మార్చి మాసమున ఆంధ్రప్రదేశపు ప్రభుత్వ పాఠశాలలలో రాగిజావ యిచ్చుట మొదలయ్యెను. ఇప్పుడు పట్టణపు టంగళ్లలో చోడిపిండి అందమైన సంచులలో కూర్చున్నది. నిన్న అంబలిని జూచి నవ్విన నోరే నేడు "మీరింకను పిల్లలకు తెల్లన్నమే పెట్టుచున్నారా?" యని యడుగుచున్నది. నిందింపబడు పదార్థము మారినది. నిందించు నోరు మారలేదు.

ఆ తెల్లన్నపు గౌరవము మన ప్రాంతమున ఎంతటి చేటు దెచ్చెనో చాలమంది మరచిరి. ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున భారతదేశమున బెరిబెరి వ్యాధి ముఖ్యముగా మన ఉత్తరసర్కారు తీరమున వేళ్లు దన్నియుండెను. కాళ్లు తిమ్మిరులెక్కి, దేహము వాచి, గుండె బలహీనపడు వ్యాధి యది. తల్లిపాలలో సారము లేక చంటిబిడ్డలును చచ్చెడివారు. మెకారిసన్, నారిస్ అను శాస్త్రజ్ఞులు 1924లో ప్రకటించిన గ్రంథము బియ్యమునకును ఈ వ్యాధికిని గల సంబంధమును విచారించినది. మరలో తెల్లగా పాలిషు పట్టిన పచ్చిబియ్యములో బి1 విటమిను పోవును. తవుడుతో కూడిన దంపుడు బియ్యములోను, ఉప్పుడు బియ్యములోను అది నిలుచును. అనగా ఏ తెలుపును జూచి ఇల్లాండ్రు గర్వించిరో ఆ తెలుపే బిడ్డలను దినివేసినది. ఏ చోడిని జూచి నవ్విరో అది ఆ నష్టమును పూరింపగలిగి యుండెను. పొరుగింటి యన్నమును గూర్చి తీర్పులు చెప్పువారు ఒక తరమున ఇంత పొరబడిరి. నేటి తీర్పులు రేపటికి నిలుచునని నమ్మకమేమి?

ఇక రెండవ తరగతి నేరస్థులు గలరు. వారి డబ్బాలో చేపయు నుండదు, అంబలియు నుండదు; బిస్కట్ల పొట్లమో, నిమిషములలో వండెడి నూడుల్సో యుండును. "ఆ తల్లికి బిడ్డమీద ప్రేమ లేదు" అని మన తీర్పు. ఆ తల్లి యెచ్చట నున్నదో విచారించితిమా? శ్రీకాకుళపు జనులు పనికై విశాఖకును, హైదరాబాదునకును, చెన్నపట్టణమునకును వలసపోవుట మనకు క్రొత్త సంగతి కాదు. తలిదండ్రులు పోయిన యింట కన్నుచూపు తగ్గిన ముసలమ్మ మనుమని బడికి బంపుచుండును. తెల్లవారుజామున పొయ్యి రగిలించలేక ఆమె పొట్లమును సంచిలో వేయును. దానిని జూచి పెదవి విరిచిన గృహిణీమణి యొకనాడైన "అప్పా, రేపు మా యింట నాలుగు దోసెలు ఎక్కువ పోసి పంపెదను" అనినదా?

ఇచ్చట కొందరు చదువరులు నన్నడ్డగింతురు. "బిడ్డల యారోగ్యమును గూర్చి మాటలాడుటయు తప్పేనా? చెడుతిండిని చూచి యూరకుండవలెనా?" అని. ఊరకుండవలదు. కాని పోరాడవలసినచోట పోరాడుడు. బడులలోను, బడి గేటునుండి 50 మీటర్ల లోపలను కొవ్వు, ఉప్పు, పంచదార మెండుగా గల తినుబండారము లమ్మరాదని భారత ఆహార భద్రతా సంస్థ 2020లో నిబంధనలు చేసినది. మీ బడి ప్రక్కనున్న దుకాణములో తోరణములుగా వ్రేలాడు పొట్లములను గూర్చి ఒక్కనాడైన ప్రధానోపాధ్యాయునికి వ్రాసితిరా? దుకాణదారునితో తగవు కష్టము. బిడ్డతో తగవు సులభము. మన ధైర్యమంతయు బలము లేనివారి డబ్బాలమీదనే ప్రయోగించుట సంస్కారము కాదు.

మరికొందరు "మాది శాకాహారపు టిల్లు; మా యాచారము మాకు లేదా?" యందురు. ఉన్నది. మీ డబ్బాలో మీ యాచారము నుంచుకొనుడు. మీ బిడ్డ మరియొకరి డబ్బాలోనిది తినవలెనని యెవరును బలవంతము చేయలేదు. ప్రక్కవాని యన్నము వాసన సోకినంత మాత్రమున చెడునంత దుర్బలమైన యాచార మెవరి కేమి మేలు చేయగలదు? ఇదే న్యాయము ఎదుటివారికిని వర్తించును. పెరుగన్నము దెచ్చిన బిడ్డను జూచి "పప్పుగాడు" అని హేళనచేయు బెంచీలును లేకపోలేదు. ఆ హేళనయు ఈ దోషములోనిదే. ఏదైన పదార్థము ఒక బిడ్డకు నిజముగా ప్రాణాపాయము దెచ్చునేని, పేరెత్తక, అందరు తలిదండ్రులకును ఒక్కటే నియమముగా ఉపాధ్యాయుడు తెలుపవచ్చును. అందరికి జెప్పినది నియమము. ఒకరిని వ్రేలుచూపి చెప్పినది అవమానము.

మన దేశమున సంస్కర్తలు పోరాడిన పెద్దపోరాటములలో పంక్తిభేదము మీది పోరాట మొకటి. ఎవరు ఎవరి ప్రక్క కూర్చుండి తినవచ్చును అను ప్రశ్నపైననే కులము నిలిచియుండెను. ఆ గోడను కూల్చుటకు బడియన్నము గొప్ప సాధనమైనది. 1920లో చెన్నపట్టణపు నగరసభకు అధ్యక్షుడుగా నుండిన పిట్టి త్యాగరాయచెట్టిగారు, నేతపని చేయు దేవాంగ కులమున బుట్టిన తెలుగువారు, థౌజండ్ లైట్సులోని నగరసభ పాఠశాలలో పేదబిడ్డలకు ఫలాహారము పెట్టించిరి. బిడ్డకొకనికి దినమునకు అణాకు మించరాదని నిర్ణయము. ఆ పని కొన్నియేండ్లకే నిలిచినను విత్తనము చావలేదు. 2001 నవంబరు 28న సర్వోన్నత న్యాయస్థానము బడులలో వండిన యన్నమే పెట్టవలెనని యాజ్ఞాపించెను. ఆంధ్రప్రదేశమున 2003 జనవరిలో అది యారంభమయ్యెను. ఆకలిగొన్నవారి కులమడుగక అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి పేర 2024 నుండి ఈ బడిభోజనము సాగుచున్నది. జపానులో 1954లో బడిభోజనమునకై చట్టమే చేసికొనిరి. అచ్చటి చిన్నబడులలో బిడ్డలే వంతులవారీగా తోడిబిడ్డలకు వడ్డింతురు.

ప్రభుత్వపు బడిలో ఒకే గంజినుండి వడ్డించిన యన్నమును వరుసగా కూర్చుండి తినుచుండగా, ఫీజులు చెల్లించి చదివించు బడులలో, చదువుకొన్న తలిదండ్రులు పంక్తిభేదమును తిరిగి తెచ్చుచున్నారు. ఈసారి అది విస్తరిలో గాక స్టీలు డబ్బాలో వచ్చినది. కులము పేరు చెప్పరు, "వాసన" యందురు. పేదరికము పేరు చెప్పరు; "శ్రద్ధ లేదు" అందురు. వేరే బెంచీకి మార్చుడని యడుగుట వేరే పంక్తిలో కూర్చుండబెట్టుడనుటయే. పేరు మార్చినంతమాత్రమున పాపము మారునా?

కావున సోదరీ సోదరులారా, చేయవలసిన పనులు కష్టమైనవి కావు. బడినుండి వచ్చిన బిడ్డను "ఎవరేమి తెచ్చినారు?" అని యడుగుట మానుడు. "ఎవరైన తినకుండ నుండిరా?" యని యడుగుడు. ఎదుటి డబ్బాను జూచి మన బిడ్డ ముక్కు మూసికొనినచో అది బడిలో నేర్చినది కాదు, మన యింట నేర్చినది, అచ్చటనే దిద్దుడు. వారమున కొకనాడైన తలిదండ్రులు కలసి అన్ని యిండ్లవారికిని అందుబాటులో నున్న యొక వంటకమునే అందరి డబ్బాలలో నుంచునట్లు ఏర్పరచుకొనుడు. పనిమీద పోయిన తల్లి బిడ్డకు ఒక డబ్బా ఎక్కువ పంపుడు. పంపి, ఆ మాట అరుగుమీద చెప్పకుడు. ఉపాధ్యాయులు బెంచీలు మార్చుమను కోరికను మర్యాదగా, గట్టిగా త్రోసివేయవలయును.

నేను చెప్పిన పిల్ల యేమైనదని మీరడుగవచ్చును. నెల దినములకు ఆమె మరల డబ్బా తెచ్చుట మొదలుపెట్టినది. మా యమ్మాయి దాని ప్రక్కనే కూర్చుండి తినుచున్నది. డబ్బా మూత మాత్రము ఆ పిల్ల నేటికిని సగమే తీయుచున్నదట. ఆ తక్కిన సగము మూసినది మన నోళ్లు. దానిని తెరచువరకు, సంస్కారులమని చెప్పుకొనుటకు మనకు నోరెక్కడిది?