రోగి బిడ్డకు వైద్యవిద్య

వైద్యవిద్యను గూర్చి ప్రసంగించువారు కళాశాలను, ఆచార్యులను, ప్రవేశపరీక్షను, రుసుములను గూర్చి మాట్లాడుదురు గాని, ఆ విద్యకు మూలాధారమైన రోగిని తరచుగా విస్మరింతురు. దేవనకొండనుండియో, ఆలూరునుండియో, కోసిగినుండియో బస్సెక్కి వచ్చి కర్నూలు పెద్దాసుపత్రి వార్డులో పండుకొన్న కూలివాని కడుపును ఒకరి వెనుక నొకరుగా విద్యార్థులు ఒత్తి చూచి, కాలేయము వాచినప్పుడు చేతి కెట్లు తగులునో నేర్చుకొందురు. ఆదోనిలో కష్టమని పంపివేయబడిన గర్భిణి చెంత నిలిచి కాన్పు చేయుట నేర్చుకొందురు. అడుగువారు లేని శవములు చట్టము ననుసరించి శరీరనిర్మాణశాస్త్రపు బల్లపైకి చేరును. అవి కలవారి ఇండ్లనుండి వచ్చునవి కావని వేరుగ చెప్పనక్కరలేదు. ఇట్లు ఈ పడమటి తాలూకాల బీదజనులు బ్రతికియు, చనిపోయియు, వైద్యుల కెన్నో తరములుగా గురుస్థానమున నిలిచియున్నారు. అట్టివారి బిడ్డలు ఆ తరగతిలో ఎందరు కూర్చుండిరని అడుగు హక్కు మన కున్నది.

1953లో ఆంధ్రరాష్ట్రమునకు ముఖ్యపట్టణమైన కర్నూలు 1956లో ఆ స్థానమును కోల్పోయినది. వైద్యకళాశాల ఆ సంవత్సరముననే వెలసినది. విశాఖపట్టణమునకు 1923లోను, గుంటూరునకు 1946లోను లభించిన భాగ్యము రాయలసీమకు అప్పటికి గాని లభింపలేదు. విద్యావిషయమున సీమకు న్యాయము జరుగవలెనని 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో కోస్తా, సీమల పెద్దలు వ్రాసికొన్న మాటను స్మరించినచో, ఆ కళాశాల ఒకరి అనుగ్రహము కాదనియు, ఋణవిమోచనమున కొక ఆరంభ మనియు బోధపడును. 1986లో విజయవాడ కేంద్రముగా ఆరోగ్యవిజ్ఞాన విశ్వవిద్యాలయము స్థాపింపబడినది మొదలు దాని అనుబంధ కళాశాలలలో వైద్య, దంతవైద్య, నర్సింగు, ఫిజియోథెరపీ పట్టములన్నియు ఒకే పాఠ్యక్రమముతో, ఒకే పరీక్షతో నడచుచున్నవి. నగరమున చదివినను, సీమలో చదివినను పట్ట మొక్కటియే యగుట ప్రజావిశ్వవిద్యాలయమువలన మనకు కలిగిన గొప్ప మేలు.

అయినను ఆ కళాశాల ద్వారమువరకు పోవు బాట దేవనకొండ బాలికకు సుగమముగ లేదు. వానలు మోసగించిన యేట తలిదండ్రులు పిల్లలతోసహా సుగ్గికి, అనగా కూలికై వలస, పోయి, గుంటూరు సీమలో మిరపకాయలు కోయుచుండగా, బడిలో ఆమె పేరు మాత్రమే మిగులును. అట్టి ఆటంకములనెల్ల దాటి ఇంటరు ముగించిన పిమ్మట నీట్ పరీక్షలో ఆమె ఎవరితో పోటీపడవలయును? రాష్ట్రపతి ఉత్తర్వులచే ఏర్పడిన స్థానికప్రాంతము శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధి యంతయు, అనగా రాయలసీమతోపాటు నెల్లూరు మండలమును గూడ కలుపుకొన్నది. నెల్లూరు, తిరుపతి పట్టణములలో రెండేండ్లు, మూడేండ్లు లక్షలు వెచ్చించి శిక్షణ పొందిన పిల్లలకును, ఉల్లి చేలో కలుపు తీసి వచ్చి దీపమువద్ద కూర్చున్న ఈమెకును ఒకే కొలబద్ద పెట్టి, దానికి ప్రతిభ యని పేరిడుచున్నాము. అది నా దృష్టిలో ప్రతిభను కొలుచుట కాదు, తండ్రి సంపాదనను కొలుచుట.

ఇక సీటు లభించిన పిమ్మట చెల్లింపవలసిన దెంత? క్రొత్త ప్రభుత్వకళాశాలలకు 2023లో ఏర్పరచిన విధానము ప్రకారము సగము సీట్లకు ఏడాదికి 15 వేలు, నూటికి 35 సీట్లకు 12 లక్షలు, మిగిలిన పదునైదింటికి 20 లక్షలు. ఒకే గోడల నడుమ, ఒకే రోగి చెంత మూడు ధరలు! అంతటితో ఆగక, 2025 సెప్టెంబరులో మంత్రివర్గము పది కళాశాలలను ప్రైవేటు భాగస్వామ్యమున కప్పగింప నిశ్చయించినది. మొదటి నాల్గింటిలో ఆదోని యొకటి. ఖజానాలో ధనము లేదను వాదమును నేను తేలికగా త్రోసివేయను. కాని ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ ప్రాంతముల కన్న ప్రభుత్వధనమునకు అర్హతగల చోటు రాష్ట్రమున మరెక్కడ నున్నది? లాభము నాశించి వచ్చువాడు కరవుసీమలో తన పెట్టుబడిని రుసుములనుండి రాబట్టుకొనక మరెట్లు రాబట్టుకొనును?

పొరుగున తమిళనాడు 2020లో ఒక చట్టము చేసినది. ఆరవ తరగతినుండి పండ్రెండవ తరగతివరకు ప్రభుత్వపాఠశాలలలో చదివి నీట్‌లో ఉత్తీర్ణులైనవారికి వైద్యవిద్యాప్రవేశములలో నూటికి ఏడున్నర వంతున సీట్లు ప్రత్యేకించినది. 2022లో మద్రాసు ఉన్నతన్యాయస్థానము ఆ చట్టమును సమర్థించినది. మన మేల అట్లు చేయరాదు? ప్రమాణములు పడిపోవునని భయపడువారు ఒక సంగతి గమనింతురుగాక: ప్రత్యేకత ప్రవేశమునకే గాని ఉత్తీర్ణతకు కాదు. నాలుగున్నర యేండ్ల చదువులో విశ్వవిద్యాలయము పెట్టు ప్రతి పరీక్షను, అటుపై ఏడాదిపాటు చేయు ఇంటర్న్‌షిప్‌ను ఆమెయు అందరివలెనే గట్టెక్కవలసినదే.

వైద్యపట్ట మొక్కటియే విద్య యను భ్రమ గూడ తొలగవలసియున్నది. పల్లెలోని ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున రాత్రివేళ కాన్పు చేయునది నర్సు; రక్తములో మలేరియాను గుర్తించువాడు ల్యాబ్ టెక్నీషియను; పక్షవాతము వచ్చిన ముదుసలిని మరల నడిపించునది ఫిజియోథెరపిస్టు. ఈ పట్టములను బోధించు కళాశాలలలో అధికభాగము ప్రైవేటువారి చేతులలో నున్నందున, నాలుగేండ్ల నర్సింగు చదువునకై పొలము తాకట్టు పెట్టు కుటుంబములు మన పల్లెలలో నున్నవి. కావున ఆదోని వైద్యకళాశాలను ప్రభుత్వమే పూర్తిచేసి, దాని ప్రాంగణమున నర్సింగు, పారామెడికల్ కళాశాలలను గూడ నెలకొల్పి, అన్ని సీట్లకు ఒకే స్వల్పరుసుము నిర్ణయించి, వానిలో కొంత భాగము ప్రభుత్వబడులలో చదివినవారికి చట్టముచే ప్రత్యేకింపవలయును. సుగ్గికి పోవు కుటుంబముల బాలికలకు ఆరవ తరగతినుండియే వసతిగృహములలో చోటిచ్చి, ఇంటరు తరువాత నీట్ శిక్షణను ప్రభుత్వమే ఉచితముగ నొసగవలయును. లేనియెడల ప్రత్యేకించిన సీట్లకు అభ్యర్థినులు దొరకలేదను సాకు మొదటి యేటనే వినవలసివచ్చును.