వెన్న ఆమెది, పేరు అతనిది

షియా బటర్ ఉన్న ఏ క్రీము డబ్బా అయినా తిప్పి, వెనకవైపు చిన్న అక్షరాలు చదవండి. 'బ్యూటిరోస్పెర్మమ్ పార్కీ' అని ఉంటుంది. ఎవరీ పార్క్? ముంగో పార్క్ అనే స్కాట్లాండ్ యాత్రికుడు. 1796లో నైజర్ నది వైపు వెళ్తూ, ఇప్పటి మాలీలో ఈ చెట్టునీ, గింజల నుంచి తీసే వెన్ననీ చూసి రాసుకున్నాడు. అంతే, చెట్టు అతనిదైపోయింది. వృక్షశాస్త్రం తర్వాత విటెల్లారియా పారడాక్సా అనే పేరు ఖాయం చేసినా, సౌందర్య సాధనాల పరిశ్రమ మాత్రం పార్క్‌ని వదల్లేదు.

అతనికి నాలుగు శతాబ్దాల ముందే మాలీ వెళ్ళిన ఇబన్ బతూతా, ఈ నూనెతో వండుకుంటారనీ, దీపాలు వెలిగిస్తారనీ, ఒంటికి రాసుకుంటారనీ రాశాడు. బుర్కినా ఫాసోలోని కిరికోంగో తవ్వకాల్లో దొరికిన షియా పెంకులు క్రీ.శ. 100 నాటి దాకా వెళ్తాయి. అయినా డబ్బా మీద ఇది 'ఆఫ్రికా రహస్యం'! ఎవరు ఎవరి దగ్గర దాచారట? క్లియోపాత్రా పూసుకుందన్న కథ ఇంకొకటి. ఈ చెట్టు ఈజిప్టులో పెరగదు. సెనెగల్ నుంచి ఉగాండా దాకా ఉన్న సవన్నా నేలల్లో పెరుగుతుంది. రాణి ముట్టుకుంటే తప్ప పల్లె ఆడవాళ్ళు చేసిన వస్తువుకి విలువ రాదన్నమాట.

ఆ పని సంగతి చూద్దాం. వానల్లో రాలిన పళ్ళని చీకటితోనే లేచి, పాములకి జడుస్తూ ఏరాలి. గింజల్ని ఉడకబెట్టి, ఎండబెట్టి, పెంకు కొట్టి, పప్పుని వేయించి, దంచి, మెత్తగా నూరాలి. నీళ్ళు చేరుస్తూ, తెల్లగా తేలేదాకా చేత్తో గిలక్కొట్టాలి. దాన్ని కడిగి, కాచి, వడకట్టాలి. చల్ల చిలికిన ఇళ్ళ ఆడవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. (షియా మన ఇప్పచెట్టుకి దాయాదే, రెండూ సపోటా కుటుంబం. మన ఏజెన్సీల్లో ఇప్పగింజలు ఏరేదీ ఆదివాసీ స్త్రీలే.) కట్టెలూ నీళ్ళూ కూడా ఆమే మోసుకురావాలి. ఇంత శ్రమా లేబుల్ మీద 'సహజం' అనే ఒక్క ముక్కలో మాయమైపోతుంది.

వెన్న గుణం అబద్ధం కాదు. ఒంటి వేడికి కరిగి, చర్మంలోని తేమ ఆవిరైపోకుండా పొరలా అడ్డుకుంటుంది. తలలో ఊరే నూనె మెలికల జుట్టు కొసదాకా చేరదు. అందుకే తడి జుట్టుకి దీన్ని పట్టిస్తారు. జుట్టుని నిటారు చేసే రసాయనాల్ని కాదన్న నల్లజాతి స్త్రీలకి ఇది అందుకే దగ్గరైంది. అంతేగానీ ఇది ఒంటి రంగు మార్చదు, బట్టతల మీద జుట్టు మొలిపించదు.

ఇక 'మీరు కొంటే ఆఫ్రికా స్త్రీకి సాధికారత' అనే మాట. ఎగుమతయ్యే షియాలో అధికభాగం క్రీముల్లోకి రానే రాదు. ఆహార పరిశ్రమకి, ముఖ్యంగా చాక్లెట్లలో కోకో వెన్నకి బదులుగా పోతుంది. షియా సహా కొన్ని కొవ్వుల్ని చాక్లెట్లో 5 శాతం దాకా కలపడానికి యూరోపియన్ యూనియన్ 2000లో అనుమతించింది. చాక్లెట్ కాగితం మీద ఆ స్త్రీ బొమ్మ కూడా ఉండదు.

చాలాచోట్ల నేల మగవాళ్ళది, ఏరుకునే హక్కు మాత్రం ఆడవాళ్ళది. గింజకి ధర వచ్చిందంటే ఆ హక్కు మీద కళ్ళు పడతాయి. 2025 ఆగస్టులో నైజీరియా ముడి షియా గింజల ఎగుమతిని ఆరు నెలలపాటు నిషేధించింది, వెన్న తీసే లాభం దేశంలోనే ఉండాలని. సబబే. కానీ మిల్లు గుమ్మంలో బస్తా దించిన ఆమె గింజకి ధర చెప్పేదెవరు, ఆమేనా?