వేరుకాపురపు పద్దు

ఉమ్మడి కుటుంబమునుండి వేరుపడదలచినవాడు పంపకమునకు ముందే పెద్దమనుష్యులను గూర్చుండబెట్టి, పొలమెంత, అప్పెంత, నూతినీటిపై హక్కెవరిది, వాకిలి యెటు పెట్టుకొనవలెను అని తేల్చుకొనును. ఈ మాత్రపు జాగ్రత్త మన పల్లెలయందు అక్షరము రాని రైతునకును గలదు. వర్తకమునకు లోకమెల్ల పేరుమోసిన బ్రిటను దేశము యూరోపియను సమాఖ్యనుండి వేరుపడునపుడు ఈ జాగ్రత్తను జూపలేదు. మేమా దేశపు ప్రజలు వేరుపడుటను దూషింపబూనలేదు. పద్దు చూపకయే వారిని వేరుపరచిన నాయకులను దూషించుచున్నాము. ఈ భేదమును చదువరులు మొదటనే గమనింపవలెనని కోరుచున్నాము.

బ్రిటను 1973 జనవరి 1వ తేదీని ఆ కూటమిలో జేరెను. 1975లో ప్రజల నడుగగా నూటికి 67 మంది ఉండుదమనిరి. సరిహద్దులయందు సుంకమును తనిఖీయును లేక సరకులు తిరుగుటకై 1993లో నెలకొన్న ఏకవిపణికి పథకమును సిద్ధపరచినవాడు ఆర్థర్ కాక్‌ఫీల్డు అను బ్రిటిషువాడే. దానిని ముందునకు ద్రోసినది మార్గరెట్ థాచర్ ప్రభుత్వమే. అట్లు తాను గోడలెత్తిన యింటినుండియే ఆ దేశము బయటకు నడచెను. 2016 జూన్ 23వ తేదీని 1 కోటి 74 లక్షలమంది పోవుదమనియు, 1 కోటి 61 లక్షలమంది ఉండుదమనియు వోటుచేసిరి. 2020 జనవరి 31వ తేదీని సభ్యత్వము ముగిసెను. ఆ సంవత్సరాంతమున ఏకవిపణి ద్వారమును మూతబడెను.

వోటునకు ముందు చెప్పిన మాటలెట్టివి? వారమునకు 35 కోట్ల పౌనులు సమాఖ్యకు పంపుచున్నామనియు, ఆ ధనమును మన వైద్యశాలలకు వెచ్చింతమనియు ఎఱ్ఱని బస్సుమీద వ్రాసి ఊరూర త్రిప్పిరి. ఆ మొత్తములో 1984లో థాచర్ సాధించిన తగ్గింపు దేశము దాటి పోనేపోదు. దానిని తీసివేసినచో మిగులునది సుమారు 25 కోట్లు. అందునను కొంత రైతుల సహాయముగను, విద్యాపరిశోధనలకును తిరిగి వచ్చుచుండెను. ఆ సంఖ్యను వాడుట అధికార గణాంకములను దుర్వినియోగము చేయుటయే యని గణాంక ప్రాధికారసంస్థ యధ్యక్షుడు 2017లో లేఖ వ్రాసెను. అప్పటికి వోటు జరిగి సంవత్సరము దాటినది. పెండ్లి ముగిసిన తరువాత వరుని వయస్సు విచారించినట్లున్నది!

చందా మిగిలినదా లేదా యనునది చిన్న ప్రశ్న. వర్తకమేమాయె ననునది పెద్ద ప్రశ్న. "సుంకము లేకుండ ఒడంబడిక చేసికొంటిమిగదా" యని కొంద రందురు. 2020 డిసెంబరు 24వ తేదీని కుదిరిన యా యొడంబడికచే సుంకము లేకపోవుట నిజమే. కాని సుంకము లేకుండుట వేరు, అడ్డు లేకుండుట వేరు. పూర్వము లండనునుండి పారిసునకు జున్ను పంపుట మన బెజవాడనుండి గుంటూరునకు నేయి పంపుటవంటిది. ఇప్పుడో, ప్రతి సరకునకును సుంకపు దాఖలాపత్రము కావలెను. మాంసమునకును జున్నునకును అధికార పశువైద్యుని సంతకము కావలెను. సరకెచ్చట పుట్టినదో రుజువు కావలెను. మన దేశమున కుట్టిన చొక్కా బ్రిటనులో దిగి, అచ్చటనుండి పారిసు అంగడికి బోయినచో, ఒడంబడిక యున్నను సుంకమీయవలసినదే. పెద్ద సంస్థలు ఈ పనికై గుమాస్తాలను బెట్టుకొనగలవు. పది పెట్టెలు పంపు చిన్న వర్తకుడేమి చేయును? పత్రముల ఖర్చు పది పెట్టెలకైనను వేయి పెట్టెలకైనను ఇంచుమించుగ నొక్కటే గనుక, వాడు పరదేశవర్తకమునే మానుకొనును.

మత్స్యకారుల పేరుచెప్పి వోట్లడిగిరి. ఆ దేశపు చేపల ఎగుమతిలో అధికభాగము కొనువారు యూరపువారే యను సంగతి గట్టిగ చెప్పినవారెందరు? 2021 మొదలుకొని, మధ్యరకపు శుభ్రతగల నీటిలో నేరిన సజీవమైన ఆల్చిప్పలను ముందుగ శుద్ధిచేయక సమాఖ్యకు పంపుటకు వీలులేకపోయెను. సముద్రమంతయు మనదే యగునని చెప్పిన దేశము 2025 మే నెలలో, యూరపు నావలకు తన నీటిలో 2038 వరకు ప్రవేశమొసగుట కంగీకరించెను.

మా వాదమునకు అనుకూలముగ మాటలాడినవారి తప్పును గూడ మేము దాచము. వోటు పోవుదమనినచో వెంటనే మాంద్యము వచ్చుననియు, సుమారు 5 లక్షల ఉద్యోగములు పోవుననియు 2016 మే నెలలో బ్రిటిషు ఆర్థికశాఖ భయపెట్టెను. అట్లు జరుగలేదు. సేవల ఎగుమతియు బాగుగనే పెరిగినది. 2020 నాటి మహమ్మారి నష్టమును, 2022 నాటి యుద్ధపు ధరలను వేరుకాపురపు నష్టముతో కలిపి లెక్కించుట న్యాయము కాదు. కాని కూలిన గోడ అందఱికి గనబడును. చెదపట్టిన దూలము కనబడదు. ఉండియున్నచో జరుగవలసినదానికన్న దీర్ఘకాలమున వర్తకము నూటికి 15 వంతులును, ఉత్పాదకత నూటికి 4 వంతులును తక్కువయగునని ఆ దేశపు బడ్జెట్ బాధ్యతా కార్యాలయము అంచనావేసినది. ఆ కార్యాలయము రాజ్యము స్థాపించినదే కాని సమాఖ్య స్థాపించినది కాదు.

దూరదేశములతో క్రొత్త యొడంబడికలు చేసికొని యా లోటు తీర్చుకొందు మనిరి. పసిఫిక్ సముద్రతీర దేశముల కూటమిలో జేరుటచే నూటికి 0.08 వంతు లాభమని ప్రభుత్వమే 2021లో లెక్కవేసెను. 2025 జూలై 24వ తేదీని మన దేశముతో సంతకమైన యొడంబడికచే నూటికి 0.13 వంతు లాభమని యనుకొనిరి. ఈ లెక్కలన్నియు నొక్కతూకపురాతితో తూచినవి కావు. అయినను మన గృహిణులు ఒక్కమారు కూడిచూతురుగాక. నూరు రూపాయలకు నాలుగు రూపాయలు పోగా వచ్చునది యిరువదియొక పైసలు! ఆ యొడంబడిక మన కోస్తాజిల్లాల రొయ్యల సాగువారికి మేలుచేయవచ్చును. అందుకు మాకు సంతోషమే. కాని మనకు లాభమైనంతమాత్రాన వారి లెక్క సరియైనదని ముఖస్తుతి చేయజాలము.

ఇంక స్వపాలన మాట. పరపాలన చవిచూచిన మనము స్వపాలనాకాంక్షను పరిహసింపరాదు; అన్నముకన్న మానము మిన్నయని చెప్పినవారి మాటకు మేము తలయొగ్గుదుము. అయినను బ్రిటను సమాఖ్యలో దాసి కాదు. దానికి యూరోపియను పార్లమెంటులో 73 మంది సభ్యులుండిరి. మంత్రుల సభలో వోటుండెను. నేడు దాని వర్తకులు యూరపునకు సరకమ్మవలెనన్న ఆ నియమములనే పాటింపవలెను. వానిని చేయు సభలో మాత్రము వారికి పీట లేదు. దీనిని స్వాతంత్ర్యవృద్ధియని యెట్లు చెప్పుదుము?

మానముకొఱకు నష్టమోర్తుమని తెలిసి నిర్ణయించుకొన్న జనమును గౌరవింపవలసినదే. నష్టమే లేదని చెప్పి నిర్ణయింపజేయుట మోసము. ఆ ధర చెల్లించువారు బస్సుమీద వ్రాసినవారు కారు. చిన్న వర్తకులు, పల్లెకారులు, నెలజీతముతో ఇల్లు గడుపుకొనువారు. ఉండుమనువారైనను, పొమ్మనువారైనను, ఏ దేశమునందైనను, మొదట పద్దు ముందుబెట్టి పిమ్మట వోటడుగవలెను. అట్లు చూపనివారిని, ఇంటి ఖర్చు వ్రాసికొను మన యాడువారు అంగడివాని నడిగినట్లే, "లెక్క యేది?" యని నిలదీయవలెను.